ముందు వాళ్ల తుపాకులు దించండి

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం అనగానే మనకు ఎఫ్‌ఐఆర్, ముందస్తు బెయిలు, పరిహారం గుర్తొస్తాయి. చర్చంతా నేరం జరిగిపోయిన తర్వాతి దశ చుట్టూనే తిరుగుతుంది. నేరం జరగకముందే ప్రభుత్వం ఏం చేయాలో చెప్పే భాగం కూడా అందులో ఉంది. 1995 మార్చి 31న వెలువడిన నిబంధనల్లో మూడోది అది. పాఠం చెప్పే ప్రతి ఏడూ నేను దాన్ని తరగతిలో బిగ్గరగా చదివిస్తాను. న్యాయశాస్త్రం చదివే పిల్లల్లో కూడా చాలామందికి అది కొత్తగానే వినిపిస్తుంది.

ఆ నిబంధన ప్రకారం, అత్యాచారం జరిగే ప్రమాదం ఉన్న, లేదా మళ్లీ జరగవచ్చనిపించే ప్రాంతాలను రాష్ట్ర ప్రభుత్వం ముందుగా గుర్తించాలి. కలెక్టరు, ఎస్పీ లేదా మరో అధికారి అక్కడికి వెళ్లి పరిస్థితిని సమీక్షించాలి. అవసరమనుకుంటే ఆ ప్రాంతంలో ఎస్సీ, ఎస్టీలు కానివారి ఆయుధ లైసెన్సులను రద్దు చేసి, ఆ ఆయుధాలను ప్రభుత్వ ఆయుధాగారంలో జమ చేయించాలి. వారి దగ్గరి బంధువులు, నౌకర్లు, ఉద్యోగులు, కుటుంబ మిత్రుల లైసెన్సులకూ ఇదే వర్తిస్తుంది. అక్రమ తుపాకులన్నిటినీ స్వాధీనం చేసుకోవాలి, వాటి తయారీని ఆపాలి. ప్రాణాలకు, ఆస్తులకు రక్షణగా అవసరమనుకుంటే ఎస్సీ, ఎస్టీలకు ఆయుధ లైసెన్సులు ఇవ్వాలి.

నౌకర్లు, కుటుంబ మిత్రులు అన్న మాటలు చేర్చినవారికి మన పల్లె తెలుసు. లైసెన్సు దొర పేరు మీద ఉంటుంది, తుపాకీ జీతగాడి భుజం మీద ఉంటుంది, కాల్పుల రోజున అది బావమరిది చేతిలో ఉంటుంది. ఈ దేశంలో తుపాకీ ఒక మనిషిది కాదు, ఒక కుటుంబానిది, ఒక కులానిది అని ఒప్పుకున్న అరుదైన ప్రభుత్వ పత్రం ఇది. భారతదేశానికి సొంతంగా ఒక తుపాకీ నియంత్రణ విధానం ఉందంటే అది ఈ నిబంధనే అని నా అభిప్రాయం. దాన్ని కాగితం మీద వదిలేయడం వల్ల జరిగిన నష్టం గురించే ఈ సంపాదకీయం.

మన దగ్గర తుపాకీ నియంత్రణ మీద చర్చ అమెరికాలో కాల్పులు జరిగినప్పుడే మొదలవుతుంది. అందుకు కారణం లేకపోలేదు. 2017 ఫిబ్రవరిలో కాన్సస్ రాష్ట్రంలోని ఓలేత్‌లో ఒక తెలుగు ఇంజనీరును జాతి విద్వేషంతో కాల్చి చంపారు. పెట్రోలు బంకుల్లో, దుకాణాల్లో పనిచేస్తూ కాల్పులకు బలైన మన విద్యార్థుల శవపేటికలు శంషాబాదు విమానాశ్రయానికి వస్తూనే ఉన్నాయి. ఆ దుఃఖం నిజమైనదే. కానీ ఆ చర్చలో మనం తెలియకుండానే ఒక ఊహను ఒప్పుకుంటాం. తుపాకీ సమస్య అమెరికాది, మనది కఠినమైన చట్టాలున్న దేశం అన్నది ఆ ఊహ.

లెక్కలు చూద్దాం. స్మాల్ ఆర్మ్స్ సర్వే 2018లో ప్రకటించిన అంచనా ప్రకారం భారతదేశంలో పౌరుల దగ్గర 7.11 కోట్ల తుపాకులున్నాయి. సంఖ్యలో అమెరికా తర్వాత స్థానం మనదే. కేంద్ర హోంశాఖ లెక్క ప్రకారం 2016 చివరినాటికి దేశంలో ఉన్న ఆయుధ లైసెన్సులు 33.69 లక్షలు. అప్పట్లో ఒక లైసెన్సు మీద మూడు ఆయుధాల దాకా ఉంచుకోవచ్చు. అందరూ మూడేసి కొన్నారనుకున్నా దాదాపు కోటి. మిగిలిన ఆరు కోట్ల తుపాకులు ప్రభుత్వ రిజిస్టర్లలో లేవు. ఆ లైసెన్సుల్లోనూ 12.77 లక్షలు ఒక్క ఉత్తరప్రదేశ్‌వే. హోంశాఖ ఈ లెక్కను రాష్ట్రాల వారీగా ఇచ్చింది, కులాల వారీగా ఇవ్వలేదు. ఏ కులం చేతిలో ఎన్ని తుపాకులున్నాయో తెలియకుండా మూడో నిబంధనను ఎలా అమలు చేస్తారో నాకు అర్థం కాదు.

లెక్క లేకపోయినా చరిత్ర ఉంది. 1981 నవంబరు 18న ఉత్తరప్రదేశ్‌లోని దేహులీలో 24 మంది దళితులను కాల్చి చంపారు. స్త్రీలు, పిల్లలు కూడా అందులో ఉన్నారు. మైన్‌పురి కోర్టు ముగ్గురికి మరణశిక్ష విధించింది 2025 మార్చిలో. మధ్యలో 43 ఏళ్లు గడిచాయి, నిందితుల్లో అత్యధికులు ఆలోపే చనిపోయారు.

1996 జులై 11న బీహార్‌లోని భోజ్‌పుర్ జిల్లా బథానీ టోలాలో రణవీర్ సేన 21 మందిని చంపింది. ఆ సేన మీద అంతకు ఏడాది ముందే, 1995లో, ప్రభుత్వం నిషేధం విధించింది. నిషేధం పేరు మీద పడింది, తుపాకుల మీద పడలేదు. 1997 డిసెంబరు 1 రాత్రి అదే సేన సోన్ నది దాటి లక్ష్మణ్‌పుర్ బాథేలోకి వచ్చి 58 మందిని కాల్చి చంపింది. వారిలో 27 మంది స్త్రీలు, 16 మంది పిల్లలు. ఈ రెండు ఊచకోతలూ మూడో నిబంధన అమల్లోకి వచ్చిన తర్వాత జరిగినవే. బథానీ టోలా తర్వాత ఆ ప్రాంతాన్ని ప్రమాద ప్రాంతంగా గుర్తించడానికి వేరే ఆధారం ఎవరికి కావాలి?

తర్వాతి కథ మనకు తెలిసిందే. బథానీ టోలా కేసులో 23 మందిని 2012 ఏప్రిల్‌లో, బాథే కేసులో 26 మందిని 2013 అక్టోబరు 9న పట్నా హైకోర్టు నిర్దోషులుగా వదిలేసింది. చచ్చినవారిని చంపిందెవరో కోర్టులు చెప్పలేని దేశంలో, చంపకముందు ఆపే నిబంధనకు ఎంత విలువ ఉండాలో ఆలోచించండి.

ఇది పాత బీహార్ కథ అనుకునేవారికి సోన్‌భద్ర గుర్తుచేస్తాను. 2019 జులై 17న ఉత్తరప్రదేశ్‌లోని ఉంభా గ్రామంలో, తరతరాలుగా తాము దున్నుకుంటున్న భూమి వదలబోమన్న గోండు ఆదివాసుల మీదికి గ్రామ ప్రధాన్ మనుషులు ట్రాక్టర్లలో వచ్చి కాల్పులు జరిపారు. పది మంది గోండులు చనిపోయారు. భూమి తగాదా ఆ జిల్లా యంత్రాంగానికి కొత్త కాదు. ట్రాక్టర్లు కదిలే దాకా తుపాకుల సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, అది న్యాయమైనదే. కారంచేడులో తుపాకులు వాడలేదు. 1985 జులై 17న అక్కడ మాదిగలను వెంటాడి చంపింది గొడ్డళ్లతో, బరిసెలతో. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులను నరికి గోనె సంచుల్లో కుక్కి కాలువలో పడేశారు. 2014లో హైకోర్టు ఆ కేసులోనూ శిక్షపడినవారందరినీ వదిలేసింది. చంపాలనుకున్న కులానికి తుపాకీయే కావాలా అని మన తెలుగు నేల నుంచి ఎవరైనా అడిగితే, అక్కర్లేదనే చెప్పాలి. కులం గొడ్డలితోనూ చంపుతుంది.

అయినా తుపాకీ విషయంలో తేడా ఉంది. గొడ్డలి పట్టినవాడు దగ్గరికి రావాలి, గుంపుగా రావాలి. తుపాకీ పట్టిన కొద్దిమంది ఒక టోలా మొత్తాన్ని నిమిషాల్లో తుడిచేయగలరు. ఇంకో తేడా శవాల లెక్కలో కనిపించదు. గోడకు వేలాడే తుపాకీ పేలకుండానే పనిచేస్తుంది. కూలి రేటు అడగడానికి, పట్టా భూమిలో అరక కట్టడానికి, గుర్రం మీద పెళ్లికొడుకును ఊరేగించడానికి, సాక్ష్యం చెప్పడానికి భయపడేలా చేస్తుంది. ఈ భయాన్ని ఏ ఎఫ్‌ఐఆర్‌లోనూ రాయరు.

ఆయుధం, కులం మధ్య సంబంధాన్ని అందరికంటే ముందు సూటిగా చెప్పింది బాబాసాహెబ్. 1936 నాటి కుల నిర్మూలన ప్రసంగంలో ఆయన ఒక ప్రశ్న వేసుకున్నారు. ఇతర దేశాల్లో సామాజిక విప్లవాలు వచ్చాయి, ఇక్కడ ఎందుకు రాలేదు? కింది వర్గాలకు చాతుర్వర్ణ్యం ఆయుధం దక్కనివ్వలేదు, ఆయుధం లేకుండా తిరుగుబాటు సాధ్యం కాలేదు అన్నది ఆయన ఇచ్చిన సమాధానాల్లో ఒకటి. బ్రిటిష్ సైన్యంలో మహర్ల భర్తీ ఆగిపోవడం, మళ్లీ 1941లో మహర్ రెజిమెంటు ఏర్పడటం కూడా ఆయనకు ఇదే చరిత్రలో భాగం. ఆయుధం ఎవరు పట్టాలో నిర్ణయించేవాడే ఎవరు తలెత్తాలో నిర్ణయిస్తాడని ఆయనకు తెలుసు.

అదే బాబాసాహెబ్ 1948 డిసెంబరులో రాజ్యాంగ సభలో ఆయుధ హక్కును వ్యతిరేకించారు. ఆయుధాలు ధరించే హక్కును ప్రాథమిక హక్కుల్లో చేర్చాలని హెచ్.వి. కామత్ సవరణ తెచ్చారు. 1931 కరాచీ కాంగ్రెస్ తీర్మానంలో ఆ హక్కు ఉందని గుర్తుచేశారు. ప్రతి వ్యక్తీ బజారుకెళ్లి ఏ అడ్డూ లేకుండా ఆయుధాలు కొనుక్కునే హక్కు ఉంటే ప్రభుత్వం పాలన ఎలా సాగిస్తుందో తాను ఊహించలేనని అంబేద్కర్ జవాబిచ్చారు. దేశానికి ఆపద వచ్చినప్పుడు ఆయుధం పట్టడం పౌరుడి కర్తవ్యం కావాలి గానీ, ఆయుధం వ్యక్తి హక్కు కాకూడదన్నది ఆయన వాదన. చివరికి మన ప్రాథమిక స్వేచ్ఛల్లో ఆయుధం ప్రస్తావన పందొమ్మిదో అధికరణంలో వచ్చింది, అదీ ‘ఆయుధాలు లేకుండా’ శాంతియుతంగా సమావేశమయ్యే హక్కు రూపంలో.

1936కూ 1948కీ పొంతన లేదనేవారున్నారు. నాకు అందులో వైరుధ్యం కనిపించదు. ఆయుధం ఒక వర్ణం గుత్తసొత్తు కావడం అణచివేతకు పునాది అని మొదటిది చెబుతుంది. ఆ గుత్తాధిపత్యాన్ని బజారు స్వేచ్ఛ బద్దలు కొట్టదు, డబ్బూ భూమీ ఉన్నవాడి చేతికే ఆయుధాన్ని మళ్లీ అప్పగిస్తుంది అని రెండోది చెబుతుంది. రెండూ కలిపి చదివితే వచ్చే ముగింపు ఒకటే. ఆధిపత్య కులాల చేతిలోని ఆయుధాన్ని చట్టమే దించాలి.

మరో డిమాండ్ మన శిబిరంలోనే తరచూ వినిపిస్తుంది. వాళ్ల తుపాకులు ఎలాగూ దించరు, మనకూ లైసెన్సులు ఇవ్వండి అని. ఆ కోపం నాకు అర్థమవుతుంది. మూడో నిబంధన ఆ అవకాశం ఇస్తోంది కూడా. 1959 ఆయుధాల చట్టం పద్నాలుగో సెక్షన్ ప్రకారం, తగినంత ఆస్తి లేదన్న ఒక్క కారణంతో ఎవరికీ లైసెన్సు నిరాకరించకూడదు. దళితుడి దరఖాస్తును పక్కన పడేసే అధికారి చట్టాన్ని ఉల్లంఘిస్తున్నట్టే. సమానత్వం కోణంలో ఆ హక్కు వదులుకోవాల్సింది కాదు.

కానీ దాన్ని మన రక్షణ విధానంగా మార్చుకోవడాన్ని నేను వ్యతిరేకిస్తాను. 2014లో మహిళల రక్షణ పేరుతో కాన్పూర్ ప్రభుత్వ కర్మాగారం నుంచి నిర్భీక్ అనే రివాల్వర్ వచ్చింది. ధర దాదాపు 1.22 లక్షల రూపాయలు. కూలి కుటుంబం అంత డబ్బు ఎక్కడి నుంచి తెస్తుంది? తెచ్చినా, ఆత్మరక్షణకు పేల్చిన మొదటి తూటాకే పోలీసులు ఎవరి మీద హత్యాయత్నం కేసు పెడతారో వేరే చెప్పాలా? ఊళ్లో పది తుపాకులున్న కులానికి ఎదురుగా ఒక తుపాకీ ఉన్న ఇల్లు రక్షణ పొందిన ఇల్లు కాదు, గురిపెట్టిన ఇల్లు.

పేదల చేతికి తుపాకీ ఇస్తే ఏమవుతుందో బస్తర్ చూపించింది. సల్వా జుడుం కాలంలో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం ఆదివాసీ యువకులను స్పెషల్ పోలీస్ ఆఫీసర్లుగా నియమించి, కొద్దిపాటి గౌరవ వేతనంతో, అరకొర శిక్షణతో తోటి ఆదివాసుల మీదికి పంపింది. ఆ హింస తట్టుకోలేక ఊళ్లు వదిలిన గొత్తికోయలు ఇవాళ్టికీ ఖమ్మం, భద్రాద్రి అడవుల్లో పట్టా లేకుండా బతుకుతున్నారు. 2011 జులై 5న తెలంగాణ బిడ్డ జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి, జస్టిస్ ఎస్.ఎస్. నిజ్జర్‌ల ధర్మాసనం ఆ ఏర్పాటు రాజ్యాంగంలోని 14, 21 అధికరణాలకు విరుద్ధమని తీర్పు ఇచ్చింది. ఇచ్చిన తుపాకులను వెనక్కి తీసుకోవాలని ఆదేశించింది. పేదవాడిని కాపాడే బాధ్యతను పేదవాడి భుజానికే తగిలించి తప్పుకునే హక్కు ప్రభుత్వానికి లేదని నేను ఆ తీర్పు నుంచి నేర్చుకున్నాను.

అలాగని తుపాకీ నియంత్రణ అన్న ప్రతిదాన్నీ నమ్మమని చెప్పను. నియంత్రణ ఎప్పుడూ ఎవరో ఒకరి మీద మొదలవుతుంది. 1878లో లిట్టన్ తెచ్చిన ఆయుధాల చట్టం భారతీయులను లైసెన్సుకు కట్టేసి, యూరోపియన్లకు మినహాయింపు ఇచ్చింది. పోలీసుల దౌర్జన్యాన్ని కనిపెట్టడానికి బ్లాక్ పాంథర్లు తుపాకులతో వీధుల్లో గస్తీ మొదలుపెట్టాక, 1967లో కాలిఫోర్నియా మల్ఫర్డ్ చట్టం తెచ్చి బహిరంగంగా తూటాలు నింపిన తుపాకీ పట్టుకు తిరగడాన్ని నిషేధించింది. దాని మీద సంతకం చేసిన గవర్నర్ రోనాల్డ్ రీగన్. తుపాకీ నల్లవాడి చేతికి రాగానే నియంత్రణ అక్కడ అత్యవసరమైపోయింది. ఇటువైపు, 1996లో పోర్ట్ ఆర్థర్‌లో 35 మంది బలయ్యాక ఆస్ట్రేలియా చట్టాన్ని కఠినం చేసి, పౌరుల నుంచి ఆరు లక్షలకు పైగా తుపాకులను డబ్బిచ్చి వెనక్కి తీసుకుంది. ప్రభుత్వం తలచుకుంటే తుపాకులు దించగలదు. ఎవరి తుపాకులు అన్నదే రాజకీయం.

ప్రభుత్వం చేతిలోని తుపాకీ కూడా ఈ లెక్కలోకి రావాలి. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గోండుల మీద, 1997 జులై 11న ముంబయి రమాబాయి నగర్‌లో అంబేద్కర్ విగ్రహానికి జరిగిన అవమానాన్ని నిరసించిన దళితుల మీద పేలింది పోలీసు తుపాకులే. రమాబాయి నగర్‌లో పది మంది చనిపోయారు. పౌరుల ఆయుధాలు ప్రభుత్వానికి అప్పగించమనే మనం, ఆ ప్రభుత్వం పేల్చే ప్రతి తూటాకూ జవాబుదారీతనం అడగాలి. ఒకటి అడిగి రెండోది వదిలేస్తే అది నిరాయుధీకరణ కాదు, నిస్సహాయత.

ఇక చివరి అభ్యంతరం. హత్యల్లో వాడేవి ఎక్కువగా లైసెన్సు లేని తుపాకులే అయినప్పుడు లైసెన్సులు రద్దు చేసి ఏం లాభం? జాతీయ నేర గణాంకాలు ఆ మాటను బలపరుస్తాయి. 2023లో సుప్రీంకోర్టు కూడా లైసెన్సు లేని ఆయుధాల బెడదను తనకు తానుగా విచారణకు తీసుకుంది. అయితే నాటు తుపాకీని ముంగేర్‌లోనో మరోచోటో దొంగచాటుగా తయారుచేయొచ్చు గానీ, .315 బోరు, 12 బోరు కట్టాల్లోకి వెళ్లేది సాధారణంగా ఫ్యాక్టరీ తూటాయే. అది లైసెన్సు దుకాణం నుంచి, లైసెన్సుదారుడి కోటా నుంచి జారిపోతుంది. లైసెన్సు మీద కొన్న ప్రతి తూటాకూ లెక్క అడిగితే అక్రమ తుపాకీకి ఊపిరి ఆడదు. పైగా పల్లెలో అక్రమ తుపాకీ రహస్యమేమీ కాదు. పెళ్లి ఊరేగింపుల్లో గాల్లోకి పేలుతూ అందరికీ కనిపిస్తుంది. 2019 సవరణ అలాంటి కాల్పులకు రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పెట్టింది. తనిఖీ మాత్రం ఇంకా వాడల్లోనే జరుగుతుంది, మేడల్లోకి వెళ్లదు.

ఇదంతా అసాధ్యమనే అధికారులకు నేను ఎన్నికలు చూపిస్తాను. నోటిఫికేషన్ రాగానే జిల్లాలో స్క్రీనింగ్ కమిటీ కూర్చుంటుంది. లైసెన్సు తుపాకులు పోలీస్ స్టేషన్లో డిపాజిట్ చేయమని నోటీసులు వెళతాయి. కొద్ది రోజుల్లో పెద్ద పెద్దవాళ్లు కూడా సంచీలో పెట్టుకుని తెచ్చి రసీదు తీసుకుంటారు. ఓటు స్వేచ్ఛగా పడాలంటే తుపాకీ ఇంట్లో ఉండకూడదని ప్రభుత్వానికి తెలుసు. కూలి అడిగే స్వేచ్ఛకూ, సాక్ష్యం చెప్పే స్వేచ్ఛకూ అదే సూత్రం ఎందుకు వర్తించదు? మూడో నిబంధనలోని ‘అవసరమనుకుంటే’ అన్న ఒక్క మాట చాటున ముప్పై ఏళ్లుగా దాక్కోవడానికి అధికారులకు ఎవరు అనుమతిచ్చారు?

అడగాల్సినవి స్పష్టంగానే ఉన్నాయి. ‘అవసరమనుకుంటే’ అన్న మాట తీసేసి, గుర్తించిన ప్రతి ప్రాంతంలో లైసెన్సుల రద్దును తప్పనిసరి చేయాలి. అత్యాచార కేసులో ఛార్జిషీటు పడిన రోజునే నిందితుడి, అతని బంధువుల లైసెన్సులు నిలిపివేయాలి. లైసెన్సుల వివరాలను సామాజిక వర్గాల వారీగా ప్రకటించాలి. ముఖ్యమంత్రి అధ్యక్షతన ఏడాదికి కనీసం రెండుసార్లు జరగాల్సిన రాష్ట్ర విజిలెన్స్ కమిటీ సమావేశాల్లో, మూడు నెలలకోసారి జరగాల్సిన జిల్లా కమిటీల్లో ఆయుధాల సమీక్ష విడిగా ఉండాలి.

వీటిలో కొన్నింటికి పార్లమెంటు, కేంద్రం కదలాలి. కొన్నింటికి మీరు చాలు. మీ జిల్లాలో ఎన్ని గ్రామాలను అత్యాచార ప్రమాద ప్రాంతాలుగా గుర్తించారు, అక్కడ ఎన్ని ఆయుధ లైసెన్సులున్నాయి, మూడో నిబంధన కింద ఇప్పటిదాకా ఎన్ని రద్దు చేశారు అని సమాచార హక్కు కింద మూడు ప్రశ్నలు వేయండి. పది రూపాయల దరఖాస్తు అది. వచ్చిన జవాబులను ఒకచోట చేర్చితే ఒక సిద్ధాంత వ్యాసానికి సరిపోను సమాచారం ఉంటుంది. జవాబు ‘సున్నా’ అని వచ్చినా, ‘సమాచారం లేదు’ అని వచ్చినా దాన్ని భద్రంగా దాచండి. రేపు ఇంకో ఊళ్లో తుపాకీ పేలినప్పుడు, ముందుగా తెలియదని చెప్పే అవకాశం ఆ కలెక్టరుకు ఉండకూడదు.

జై భీమ్.